నాకు పనిలేని ఆదివారం

మా నాన్న ఫిర్మాన్ పారిస్‌లో అచ్చు కూర్చేవాడు.
యంత్రాల రొదకి తోటివాళ్లు చెవుల్లో దూది కుక్కుకునేవారు.
ఆయనకి ఆ దూది ఖర్చు మిగులు.

నేను ఆయనకి చెవిని, అమ్మకి నోరుని.
తొమ్మిదేళ్లకే
అద్దె పెంచుతానన్న ఇంటాయనతో బేరమాడాను.
రొట్టె మాడిందని బేకరీ ఆవిడతో పోట్లాడాను.
అమ్మ కడుపులో పిడికిలంత గడ్డ ఉందని డాక్టరు చెబితే
నా చేతుల్లో దాన్ని
బఠాణీ గింజంత చేసి చూపించాను.
ఆ చలికాలం దాటలేదు అమ్మ.
ఆ గింజ ఇప్పటికీ నా వేళ్ల మధ్యే ఉంది.

నాన్న చదివిన బడిలో
సైగ చేస్తే చేతులు వెనక్కి విరిచి కట్టేవారట.
దేవుడు గొంతిచ్చాడుగా, మాట్లాడు, అనేవారట.
మాట్లాడితే వీధిపిల్లలు
మేకల్లా అరిచి ఎగతాళి చేసేవారట.
అందుకే ట్రాము ఎక్కగానే
ఆయన చేతులు రెండూ
దొంగసొమ్ములా జేబుల్లోకి దూరేవి.

పంతొమ్మిది వందల ఇరవై నాలుగు, ఆగస్టు.
లోకమంతా వచ్చి ఆడిన పెద్ద పందేలు జూలైలోనే ముగిశాయి.
గోడల మీద కండల కుర్రాళ్ల బొమ్మలు
వానకి అంచులు లేస్తున్నాయి.
"ఇక మనవి," అన్నాడు నాన్న.
జేబుల్లోంచి చేతులు తీసి,
ట్రాములో,
అందరూ చూస్తుండగా.

వాన్సెన్ అడవి పక్కన మైదానం.
వార్సా నుంచి, గెంట్ నుంచి, బుడాపెస్ట్ నుంచి
చెక్కబల్లల రైళ్లలో నడుములు పట్టేసుకుని దిగారు.
ఒక్కో దేశం చేతిది ఒక్కో యాస.
మా రొట్టె వాళ్లకి దిండు,
వాళ్ల మంచినీళ్లు మాకు బూతు.
పడీ పడీ నవ్వారు.
మధ్యాహ్నానికల్లా అతుకుల బొంతలాంటి భాష ఒకటి
అందరికీ సరిపోయింది.

పరుగు మొదలుపెట్టడానికి
ఊళ్లోంచి అరువు తెచ్చుకున్న పెద్దమనిషి ఒకాయన, చెవులున్నవాడు.
పాత అలవాటు కొద్దీ తుపాకి ఎత్తి పేల్చాడు.
మైదానం మొత్తానికి
ఉలిక్కిపడింది నేను, పావురాలు.
గీత మీద వంగిన ఆరుగురూ వంగినట్టే ఉన్నారు,
తెల్లజెండా ఎప్పుడు దిగుతుందా అని చూస్తూ.
చెవిటివాడి ముందు శంఖం అంటారే,
ఆ రోజు
ఊదినవాడే తెల్లమొహం వేశాడు.

జెండాకి అంచు కుట్టిన యూలాలీ లేచి వెళ్లింది.
తుపాకి తీసుకుని తన టోపీలో పెట్టుకుంది.
ఆయన చేతిలో కర్ర పెట్టి
మణికట్టు పట్టుకుని నేర్పింది:
ఇలా పైకి. ఆగు. ఇంకా ఆగు.
ఇప్పుడు.

ఎవరు గెలిచారో గుర్తులేదు.
రుమాళ్లు గుర్తున్నాయి.
చప్పట్లకి బదులు వేలకొద్దీ గాలిలో,
బట్టలారేసిన ఊరు ఊరంతా ఎగిరిపోతున్నట్టు.
నాన్న చేతిలో ఊగుతున్నది అమ్మది.

నన్నెవరూ పిలవలేదు.
అడ్డంగా ఎవరి మాటా నిలబడలేదు.
దూరంగా నాన్న
గెంట్ మనిషితో వాదులాటకి దిగాడు.
అంత కోపిష్టి అని,
అంత వాగుడుకాయ అని
నాకెప్పుడూ ఎవరూ చెప్పలేదు.

మెట్ల మీద ఒక్కదాన్నీ కూచున్నాను.
నిమ్మరసం అమ్మే ముసలాయన
నా సైగల కేసి కాసేపు చూసి
"వినిపిస్తుందా నీకు?" అని అడిగాడు.
తలూపాను.
"పాపం," అన్నాడు.
ఒక చెంచా చక్కెర ఎక్కువ వేశాడు.

తిరుగు ట్రాములో
నాన్న చేతులు మోకాళ్ల మీద, బాహాటంగా.
ఎదుటి సీటామె గుడ్లప్పగించి చూసినా
అవి కదల్లేదు.
పోర్ట్ దాటాక నన్ను తట్టి అడిగాడు:
"తుపాకి పేల్చాడటగా. ఎలా ఉంది?"

రోజంతా మూసిన దుకాణం నేను.
ఎంత ఆలోచించినా మాట దొరకలేదు.
రెండు చేతులూ కలిపి
ఒక్కసారిగా విప్పాను,
పావురాలు లేచినట్టు.

"ఓ, అదా," అన్నాడు.
"చూశాను."